దొమ్మీ, హత్య, వదంతి: కాన్‌స్టాంటీన్ 1934పై జాషువా కోల్ చరిత్రరచన – ఒక విమర్శ

ఒక పట్టణంలో ఒక సమూహం మీద జరిగిన హింసకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగులో చేతికందే మాటలు చాలానే ఉన్నాయి: అల్లర్లు, దొమ్మీ, కొట్లాట, మతకల్లోలం, ఊచకోత, మారణకాండ. ఇవి పర్యాయపదాలు కావు. పత్రికలు అలవాటుగా వాడే 'అల్లర్లు' అన్న మాటలో పిల్లల అల్లరి ఛాయ ఇంకా పూర్తిగా పోలేదు. అది జరిగినదాన్ని చెబుతుంది గాని చేసినవారిని చెప్పదు. 'దొమ్మీ' కచేరీ మాట. గుమిగూడిన వారందరినీ ఒకే నేరం కిందికి తెస్తుంది. 'మతకల్లోలం' అనగానే రెండు పక్షాలూ సమానంగా కలబడ్డాయన్న భావం ముందే స్థిరపడిపోతుంది. 'ఊచకోత' అన్నప్పుడు మాత్రమే చంపినవారు వేరు, చచ్చినవారు వేరు అన్న ఒప్పుకోలు కనిపిస్తుంది.

ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో, కాన్‌స్టాంటీన్ నగరంలో, 1934 ఆగస్టు 3 నుంచి 5 వరకు జరిగిన ఘటనలకు కూడా ఈ పేర్ల తగవు ఉంది. పరిపాలనాపత్రాలు వాటిని అల్లర్లన్నాయి. ఫ్రెంచి చరిత్రకారుడు షార్ల్-రొబేర్ అజెరొన్ 1973 నాటి తన వ్యాసంలో యూదు వ్యతిరేక అల్లరి అన్నారు. యూదుల జ్ఞాపకాలలో అది పోగ్రోమ్. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద జరిగిన దాడుల నుంచి వచ్చిన మాట. అమెరికన్ చరిత్రకారుడు జాషువా కోల్ 2019లో వెలువరించిన 'లీథల్ ప్రొవొకేషన్' గ్రంథం ఉపశీర్షికలో ఈ మూడింటినీ పక్కన పెట్టి 'కాన్‌స్టాంటీన్ హత్యలు' అన్న మాటను ఎంచుకుంది. హత్య అంటే హంతకుడు ఉండాలి. గ్రంథం బలమూ, దాని చిక్కూ ఈ ఎంపికలోనే ఉన్నాయి.

మూడు రోజులు

కాన్‌స్టాంటీన్ ర్యుమెల్ నది కోసిన లోతైన లోయ అంచున, రాతిగుట్ట మీద కట్టిన పాత నగరం. 1930ల ఆరంభంలో సుమారు లక్ష జనాభా. అందులో సగం మంది ముస్లింలు, మూడోవంతుకు పైగా యూరోపియన్లు, 12,000 మంది వరకు యూదులు. యూదుల వాడ, ముస్లింల వాడ ఆనుకొని ఉండేవి. బజారు ఒకటే, ఇంటి అరబ్బీ చాలావరకు ఒకటే.

ఆగస్టు 3 శుక్రవారం సాయంత్రం, తాగి ఉన్న ఒక యూదు దర్జీకి – అతడు ఫ్రెంచి సైన్యపు జువావ్ పటాలంలో సిపాయి కూడా – సీదీ లఖ్దర్ మసీదులో వజూ చేసుకుంటున్నవారితో మాటామాటా పెరిగింది. అతడు ఏమన్నాడు, ఏం చేశాడు అన్నదానిపై రెండు వర్గాల కథనాలు ఎన్నడూ కలవలేదు. ఆ రాత్రి రాళ్ళు పడ్డాయి, తుపాకులు పేలాయి. శనివారం ఇరు వర్గాల పెద్దలు అధికారుల సమక్షంలో శాంతికి ఒప్పుకున్నారు. ఆదివారం ఉదయం ముస్లిం ప్రజాప్రతినిధుల నాయకుడు డాక్టర్ బెన్‌జెల్లూల్‌ను యూదులు చంపేశారన్న వదంతి నగరమంతా పాకింది. బెన్‌జెల్లూల్ బతికే ఉన్నాడు. వదంతి తప్పని తేలేలోగా దుకాణాల లూటీ, ఇళ్ళలో గొంతుకోతలు మొదలయ్యాయి. వీధుల్లో సైనికులు ఉన్నారు గాని కాల్పులకు అనుమతి లేదు. సాయంత్రానికి మూడు రోజుల మృతుల లెక్క 28. వారిలో 25 మంది యూదులు, ముగ్గురు ముస్లింలు. యూదు మృతులలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు.

ఈ సంఖ్యల తరువాత 'మతకల్లోలం' అన్న మాట నిలవదు. ఇంతకన్నా దీనిపై వాదించవలసింది లేదు.

చట్టం చేసిన పొరుగువారు

సాధారణంగా ఇటువంటి ఘటనకు వలస పరిపాలకులిచ్చే వివరణ తయారుగా ఉంటుంది: అనాదిగా వస్తున్న ద్వేషం, మతమౌఢ్యం, ఉద్రేకపరులైన స్థానికులు. ఉత్తర భారతదేశపు వలస పత్రాలను చదివిన జ్ఞానేంద్ర పాండే, అధికారులు రాసే 'అల్లరి కథనం' ఊరు మారినా, సంవత్సరం మారినా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుందని 1990లోనే చూపారు. కాన్‌స్టాంటీన్ మీద ఫ్రెంచి అధికారులు రాసినది ఆ అచ్చుకు దూరంగా లేదు. కోల్ గ్రంథపు తొలి రెండు భాగాలు ఈ కథనాన్ని ఓపికగా విప్పుతాయి. పాఠకుడు ఆగస్టు 3కి చేరేసరికి పుస్తకం చాలా దూరం నడిచి ఉంటుంది. ఆ నిదానం సార్థకమే.

ఫ్రెంచివారు రాకముందే అల్జీరియా యూదులు శతాబ్దాలుగా ఆ నేల మీద ఉన్నారు. 1865 నాటి శాసనం ముస్లింలను, యూదులను ఇద్దరినీ ఫ్రెంచి ప్రజలే గాని పౌరులు కారని చెప్పింది. పౌరసత్వం కావాలంటే ఒక్కొక్కరు విడివిడిగా దరఖాస్తు చేసి, తమ మతాచారానుసారమైన కుటుంబ న్యాయాన్ని వదులుకోవాలి. 1870 అక్టోబరు 24న వచ్చిన క్రెమియో డిక్రీ సుమారు 35,000 మంది యూదులను ఒక్క కలంపోటుతో పౌరులను చేసింది. ముస్లింలకు 1865 షరతే మిగిలింది. 1881 నుంచి స్థానికుల ప్రత్యేక శిక్షాస్మృతి వారి మీద పడింది. ఇక్కడ గమనించదగిన వివరం ఇంకొకటి ఉంది. దక్షిణాన సహారా అంచున మ్‌జాబ్ ప్రాంతం 1870 తరువాత ఫ్రెంచి అధీనంలోకి వచ్చింది గనుక అక్కడి యూదులకు డిక్రీ వర్తించలేదు. 1961 వరకు వారు 'స్థానికులు'గానే ఉండిపోయారు. అంటే ఎవడు ఫ్రెంచివాడు, ఎవడు స్థానికుడు అన్నది మతమూ కాదు, రక్తమూ కాదు. ఒక డిక్రీ తేదీ.

డిక్రీ వల్లనే యూదులపై ముస్లింల ద్వేషం పుట్టిందన్న వాదన అప్పటినుంచీ ఉంది. 1871లో కబీలియాలో ముఖ్రానీ తిరుగుబాటుకు క్రెమియో డిక్రీయే కారణమని ప్రచారం చేసినవారు సైనికాధికారులు, వలస రాజకీయవేత్తలు. తరువాతి చరిత్రకారులు ఆ కారణాన్ని నిలవనివ్వలేదు. ఆ తిరుగుబాటు వెనుక భూమి, పాత నాయకత్వాల పతనం, కరవు ఉన్నాయి. అయినా ఆ వాదన చావలేదు. చావకపోవడానికి కారణం అది ముస్లింలకు ఉపయోగపడడం కాదు; డిక్రీని రద్దు చేయించాలనుకున్న యూరోపియన్లకు ఉపయోగపడడం.

వలస అల్జీరియాలో యూదుల మీద జరిగిన తొలి పెద్ద దాడులు ముస్లింలవి కావని ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1897 మే నెలలో ఒరాన్ ప్రాంతంలో, 1898 జనవరిలో అల్జీర్స్‌లో యూదుల దుకాణాలను దోచినవి యూరోపియన్ మూకలు. డ్రేఫస్ వ్యవహారంతో ఫ్రాన్సు అట్టుడుకుతున్న నెల అది. అదే సంవత్సరం అల్జీరియా నుంచి ఫ్రెంచి పార్లమెంటుకు వెళ్ళిన ఆరుగురిలో నలుగురు యూదు వ్యతిరేకతనే అభ్యర్థిత్వంగా చేసుకున్నవారు. ఒకడు ప్రఖ్యాత యూదు ద్వేషి ఎదువార్ ద్రుమోఁ. ఇంకొకడు కాన్‌స్టాంటీన్ నుంచి గెలిచిన ఎమీల్ మొరినో. ఈ మొరినోయే 1934లో నగర మేయరు. మధ్యకాలంలో యూదు ఓటర్ల పెద్దలతో రాజీ కుదుర్చుకుని దశాబ్దాల తరబడి ఆ పదవిలో ఉన్నాడు. కోల్ ఈ ఒక్క మనిషి రాజకీయ జీవితాన్ని పట్టుకుని పట్టణ రాజకీయమంతా విప్పి చూపిన ప్రకరణం గ్రంథంలో మిక్కిలి విలువైనది. ఎవరి ఓటును అక్రమమన్నాడో వారి ఓటుతోనే పదవిలో నిలిచిన నాయకుడు కనబడినప్పుడు 'అనాది ద్వేషం' అన్న మాట ఎంత బోలో వేరే చెప్పనక్కరలేదు.

1919 ఫిబ్రవరి నాటి జోన్నార్ చట్టం రెండవ మలుపు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన ముస్లింలకు ఇచ్చిన ప్రతిఫలమిది. నాలుగు లక్షలకు పైగా ముస్లిం పురుషులకు స్థానిక సంస్థలలో ఓటు దక్కింది. అయితే వేరే నియోజకవర్గంలో. మునిసిపాలిటీలో మూడోవంతుకు మించని స్థానాలకు. పార్లమెంటుకు మాత్రం ఓటు లేదు. సగం తెరిచిన ఈ తలుపు దగ్గరే బెన్‌జెల్లూల్ వంటి వైద్యులు, న్యాయవాదులు నాయకులయ్యారు. వారు కోరింది స్వాతంత్ర్యం కాదు. ఇస్లాంను వదులుకోకుండా పౌరసత్వం. యూదులకు 1870లో దక్కిన పౌరసత్వాన్నే వారు, అయితే తమ షరియత్ న్యాయాన్ని వదులుకోకుండా, అడిగారు.

హంతకుని అన్వేషణ

గ్రంథపు మూడవ భాగం ఆ మూడు రోజులను గంటగంటకూ తిరిగి నిర్మిస్తుంది. కోల్ ప్రధాన పరిశీలన ఇది: లూటీ నగరంలో అనేక వీధులకు విస్తరించింది, హత్యలు మాత్రం కొద్ది చోట్ల, కొద్ది సమయంలో, ఒకే తీరులో జరిగాయి. లూటీ చేసిన వేలాది మంది, గొంతులు కోసిన కొద్దిమంది ఒకే మనుషులు కానవసరం లేదు. 'దొమ్మీ' అన్న మాట కప్పివేసే తేడా సరిగ్గా ఇదే. ఈ తేడాను ఆధారాలతో నిలబెట్టినందుకే ఈ గ్రంథానికి చరిత్రరచనలో స్థానం ఉంటుంది.

ఆ పరిశీలన నుంచి కోల్ ఒక వ్యక్తి దగ్గరికి వెళతారు. మొహమ్మద్ ఎల్ మాదీ ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన అల్జీరియన్, ఫ్రెంచి తీవ్ర జాతీయవాద బృందాల అనుయాయి. 1934 దర్యాప్తులో పోలీసుల అనుమానం అతనిపైకి వెళ్ళింది గాని అతని మీద అభియోగం రాలేదు. తరువాతి కాలంలో అతడు ఫ్రాన్సులో కాగూల్ అనే రహస్య కుట్రసంస్థలో తేలాడు. నాజీ ఆక్రమణ కాలంలో పారిస్ నుంచి యూదు వ్యతిరేక పత్రిక నడిపాడు. 1944లో జర్మన్ల పక్షాన ఫ్రెంచి ప్రతిఘటనకారులను వేటాడిన ఉత్తరాఫ్రికా దళాన్ని కూడగట్టాడు. ఇటువంటి మనిషి 1934లో కాన్‌స్టాంటీన్‌లో ఉన్నాడనీ, అధికారులు అతనిని వదిలి చేతికి దొరికిన సామాన్యులను న్యాయస్థానానికి పంపారనీ కోల్ చూపినప్పుడు, ముస్లిం మౌఢ్యం అన్న పాత కథ పునాది కదులుతుంది. హింస వెనుక ఫ్రెంచి తీవ్రవాద రాజకీయాల నీడ కనిపిస్తుంది.

ఇక్కడే విమర్శకు అవకాశం ఉంది. మొదటిది సాక్ష్యానికి సంబంధించినది. ఎల్ మాదీ తరువాతి జీవితం 1934లో అతని చేతిని నిరూపించదు. అనుమానాన్ని బలపరుస్తుంది, అంతే. చరిత్రకారుడు న్యాయమూర్తి కాడు గనుక సందర్భోచిత సాక్ష్యంతో అడుగు వేయవచ్చు. కాని కథనం పరిశోధక నవల వేగాన్ని అందుకున్నకొద్దీ అనుమానానికీ నిర్ధారణకూ మధ్య గీత పలుచబడుతుంది.

రెండవది మరింత లోతైనది. జనసమూహం వెనుక ఎప్పుడూ ఒక 'రెచ్చగొట్టేవాడు' ఉంటాడన్న ఊహ స్వయంగా వలస పోలీసుల ఊహ. సమ్మె జరిగినా, ఊరేగింపు జరిగినా, గుంపు కదిలినా వారు ముందుగా వెదికేది ఆందోళనకారుణ్ణి. బెన్‌జెల్లూల్ మీద అధికారులు వేసిన నిందా అదే. కోల్ ఆ నిందను బెన్‌జెల్లూల్ మీద నుంచి తొలగించి ఎల్ మాదీ మీద పెట్టారు. తొలగించడం న్యాయం. కాని ఆ ఆలోచనాచట్రం మాత్రం పోలీసులదే మిగిలింది. ఆధారాలలో అధికభాగం పోలీసు, పరిపాలనా పత్రాలే అయినప్పుడు చరిత్రకారుని వాక్యంలోకి ఆ పత్రాల తర్కం తెలియకుండానే దిగుతుంది. అల్లర్లకు నిపుణులైన వ్యక్తులు, సంస్థలు శాంతికాలంలోనూ సిద్ధంగా ఉండే ఒక యంత్రాంగాన్ని అలీగఢ్ మీద తన 2003 గ్రంథంలో పాల్ బ్రాస్ వర్ణించారు. ఒక కుట్రదారు కన్నా అటువంటి యంత్రాంగాన్ని వెదకడం కాన్‌స్టాంటీన్ విషయంలో ఎక్కువ ఫలించేది. కాల్పుల అనుమతి లేని సైనికులు, అభియోగం మోపని దర్యాప్తు, యూదు ద్వేషంతో పార్లమెంటు మెట్లెక్కిన మేయరు – ఈ ముక్కలన్నీ గ్రంథంలోనే ఉన్నాయి. వాటిని కలిపే దారం మాత్రం ఒక మనిషి చుట్టూ బిగుసుకుంది.

వదంతి అనే పత్రం

రెచ్చగొట్టేవాడికి వినేవాడు కావాలి. ఆదివారం ఉదయం నగరాన్ని కదిపినది కత్తి కన్నా ముందు ఒక వాక్యం: డాక్టరును చంపేశారు. ఆ వాక్యాన్ని ఎవరు పుట్టించారన్న ప్రశ్నకు కోల్ చాలా పుటలు ఇచ్చారు. అంత మంది దానిని ఎందుకు నమ్మారన్న ప్రశ్నకు ఇచ్చినవి తక్కువ. నిజానికి గ్రంథపు తొలి భాగాలు సమకూర్చిన చరిత్ర అంతా ఈ రెండవ ప్రశ్నకే జవాబు.

బెన్‌జెల్లూల్ ఎవరు? సగం ఓటు మాత్రమే ఉన్న ప్రజలకు కనబడుతున్న ఒకే ఒక పూర్తి మనిషి. మునిసిపాలిటీలో లేచి నిలబడి మాట్లాడగలిగినవాడు. అతనిని చంపారంటే ఆ సగం తలుపు కూడా మూసేశారని అర్థం. వలసపాలనలో నమ్మదగిన వార్తాసాధనం లేని జనానికి వదంతి అబద్ధం కాదు. తమ భయానికి దొరికిన వార్తారూపం. ఆ భయం న్యాయమైనదే. దాని గురి న్యాయమైనది కాదు. తలుపు మూసే అధికారం ఉన్నవాడు యూరోపియన్, చచ్చినవాడు యూదు.

ఈ తేడాను వివరించడమే ఈ అంశం మీద రాసే ఎవరికైనా అసలైన పరీక్ష. యూదుకు పౌరసత్వం ఉంది, అతని వెనుక తుపాకి లేదు. అతడు ఫ్రెంచివాడని కాగితం చెబుతుంది. యూరోపియన్ పొరుగువాడు ఒప్పుకోడు. ట్యునీషియా యూదు రచయిత అల్బేర్ మెమ్మీ, క్రెమియో డిక్రీ వర్తించని తన దేశంలో కూడా యూదు ముస్లిం కన్నా ఒక్క మెట్టు పైన ఉన్నాడనీ, వలస సమాజం చిన్న నిరంకుశుల పిరమిడ్ అనీ, ప్రతివాడూ తనకు కింద ఉన్నవాణ్ణి చూసి ఊరట పొందుతాడనీ తన సొంత అనుభవం నుంచి విశ్లేషించాడు. ఫానన్ 1961 గ్రంథంలోని రెండు లోకాల చిత్రంతో – వలసవాది ఒకవైపు, వలసపీడితుడు ఒకవైపు – అల్జీరియాను చదవడానికి అలవాటుపడిన విద్యార్థికి ఈ మధ్యమెట్టు కనబడదు. కనబడినప్పుడు కూడా రెండు తప్పుడు దారులు సిద్ధంగా ఉంటాయి. యూదు వలసవాదుల పక్షం చేరాడు గనుక దాడి వలస వ్యతిరేక పోరాటపు పొరపాటు అని ఒకటి. ముస్లిం ద్వేషం సహజం గనుక వలసపాలనకు దీనితో సంబంధం లేదని ఇంకొకటి. 25 మంది మృతులలో అధికారం చేతిలో ఉన్నవారు ఎవరూ లేరు. కాన్‌స్టాంటీన్ యూదులలో అధికసంఖ్యాకులు చేతిపనివారు, చిల్లర వర్తకులు. 1870 డిక్రీని వారు రాయలేదు, ముస్లిం ఓటును వారు ఆపలేదు. మరోవైపు, ఆ ఆదివారం యూదు పొరుగువారిని తమ ఇళ్ళలో దాచి కాపాడిన ముస్లింలూ ఉన్నారు. సహజద్వేషం అన్న సిద్ధాంతంలో వారికి చోటు లేదు.

కోల్ ఈ రెండు దారులనూ తప్పించుకున్నారు. అది చిన్న విషయం కాదు. కాని తప్పించుకోవడానికి ఎంచుకున్న మార్గంలో – హత్యలను లూటీ నుంచి వేరుచేసి కుట్రకు అప్పగించడంలో – లూటీ చేసిన వేలాది మంది ప్రశ్న సగంలో ఆగిపోయింది. వారు గొంతులు కోయకపోవచ్చు. కోతలు జరుగుతున్న ఇంటి ముందు వీధిలో ఉన్నారు. చంపినవాడికీ చూసినవాడికీ మధ్య ఉన్న నైతిక ప్రదేశాన్ని హత్య అన్న న్యాయశాస్త్రపు మాట పట్టుకోలేదు. 'దొమ్మీ' అన్న మాట అందరినీ దోషులను చేస్తే, 'హత్య' అన్న మాట దాదాపు అందరినీ విడిచిపెడుతుంది.

మృతుల వైపు నుంచి చూస్తే ఇంకొక వెలితి ఉంది. కాన్‌స్టాంటీన్‌లో పుట్టిన రొబేర్ అతాల్ 2002లో ఈ ఘటనల మీదనే ఒక గ్రంథం వెలువరించారు. అటువంటి రచనలకు కోల్ పద్ధతిలోని నిష్ఠ లేకపోవచ్చు. కాని ఆ వీధిలో ఎవరి ఇల్లు ఎవరి ఇంటిని ఆనుకొని ఉందో పోలీసు నివేదిక కన్నా వాటికి బాగా తెలుసు. పొరుగు అన్నది ఈ హింసలో ప్రధానపాత్ర అయినప్పుడు ఆ తెలివిడిని సాక్ష్యంగా కాక అనుబంధంగా వాడుకోవడం గ్రంథానికి నష్టమే.

ఆ తరువాత

న్యాయస్థానాలు ఒక్కొక్క హత్యను విడి నేరంగా విచారించాయి. హత్యలన్నిటినీ కలిపి అడగవలసిన ప్రశ్న ఏ న్యాయమూర్తి ముందుకూ రాలేదు. ప్రభుత్వం నేర్చుకున్న పాఠం మరొకటి: 1935 మార్చిలో రెన్యే డిక్రీ ఫ్రెంచి సార్వభౌమత్వానికి వ్యతిరేకమైన ఏ ప్రదర్శనకైనా శిక్ష విధించింది. ఆచరణలో అది ముస్లిం రాజకీయాల నోరు నొక్కింది. యూదులు చచ్చిన ఘటన, ముస్లింలను అణచడానికి చట్టమైంది. 1936లో ఇరవై వేల పైచిలుకు ముస్లింలకు తమ మతన్యాయం వదులుకోకుండానే పౌరసత్వం ఇవ్వజూపిన బ్లుమ్-వియొలెత్ బిల్లు యూరోపియన్ మేయర్ల ప్రతిఘటనతో ఓటింగు దాకా కూడా రాలేదు.

1940 అక్టోబరు 7న విషీ ప్రభుత్వం క్రెమియో డిక్రీని రద్దు చేసింది. ఏడు దశాబ్దాలుగా ముస్లింల అసంతృప్తికి కారణమని చెప్పిన డిక్రీ అది. రద్దు వల్ల ముస్లింలకు ఒక్క హక్కూ చేరలేదు. మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన తరువాత కూడా, 1943 మార్చిలో జనరల్ జిరో ఆ రద్దును మళ్ళీ ధ్రువపరచినప్పుడు, హన్నా ఆరెంట్ ఒక వ్యాసంలో దీని వెనుక ముస్లింల మేలు కాక వలస యూరోపియన్ల ప్రయోజనమే ఉందని వాదించారు. ఆ అక్టోబరులో డిక్రీ తిరిగి అమలులోకి వచ్చింది. 1945 మే 8 నుంచి కాన్‌స్టాంటీన్ జిల్లాలోనే సెతీఫ్, గెల్మా ప్రాంతాలలో ఫ్రెంచి సైన్యం, యూరోపియన్ పౌరదళాలు వేలాది ముస్లింలను చంపాయి. 1934లో కాల్పులకు అనుమతి దొరకని రాజ్యమే ఇది.

1962లో అల్జీరియా స్వతంత్రమైనప్పుడు కాన్‌స్టాంటీన్ యూదులు దాదాపు అందరూ యూరోపియన్లతో పాటు ఓడలెక్కారు. ఫ్రెంచి ప్రభుత్వం వారందరికీ కాగితాల మీద ఒకే పేరు రాసింది: స్వదేశానికి తిరిగి వచ్చినవారు.